చప్పుడు చేయని కంప్యూటరు: బుక్కరాయసముద్రపు ఎండలో ఒక పరీక్ష

కంప్యూటరు కొనుటకు అంగడికి పోయినవారికి మొట్టమొదట వినిపించు మాట వేగము. ప్రాసెసరు ఎన్ని గిగాహెర్ట్జులది, ర్యామ్ ఎంత, ఎన్నవ తరమునకు చెందినది అను అంకెలు అట్టపెట్టెపై పెద్ద అక్షరములలో అచ్చువేసి ఉండును. ఆ యంత్రము ఎంత చప్పుడు చేయును? ఎంత కరెంటు తీసుకొనును? నలువది డిగ్రీల వేడిలో దాని గతి యేమి? చెడిపోయినచో దగ్గర పట్టణములో బాగుచేయగలవారు ఉన్నారా? పది సంవత్సరములు నిలుచునా? ఈ ప్రశ్నలకు అట్టపెట్టెపై సమాధానము లేదు. అడుగువారును తక్కువే. అయితే ఇంటిలో వాడు యంత్రమునకు అసలైన పరీక్ష ఈ రెండవ వరుస ప్రశ్నలలోనే ఉన్నది. ఆ పరీక్ష పెట్టుటకు బుక్కరాయసముద్రము వంటి ఊరు మిక్కిలి తగిన స్థలము. వేడి, దుమ్ము విషయములో అక్కడ నెగ్గిన యంత్రము మరి యే ఊరిలోనైనను దాదాపు నెగ్గినట్లే.

ఊరు, అవసరము

బుక్కరాయసముద్రము అనంతపురము పట్టణమునకు చెరువు ఆవలి వైపున ఉన్న ఊరు, మండల కేంద్రము. పండమేరుకు అడ్డకట్ట వేసి ఆ చెరువును 1364 ప్రాంతములో మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు కట్టించెనని స్థానిక చరిత్ర చెప్పుచున్నది. కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘ముసలమ్మ మరణము’ కావ్యమునకు వస్తువైనది ఈ చెరువు కట్ట కథయే. జిల్లాలో సాలీనా వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటును. వేసవి పోయిన తరువాత పడమటి గాలి మొదలై నెలల తరబడి వీచును. ఆ గాలిని నమ్ముకొనియే రామగిరి కొండలపై గాలిమరలు నిలిపినారు. అదే గాలి ఎండిన ఎర్రనేలల దుమ్మును లేపి ప్రతి ఇంటి గూటిలోను, ప్రతి యంత్రపు కంతలోను నింపుచున్నది.

ఇటువంటి ఇంటికి కంప్యూటరు ఇప్పుడు ముచ్చటకొరకు వచ్చు వస్తువు కాదు. 2020లో బడులు మూతపడినప్పుడు పాఠములు తెరమీదికి ఎక్కినవి. అడంగలు, 1-బి నకళ్ళు, ప్రవేశ పరీక్షల దరఖాస్తులు, ఉపకార వేతనముల కాగితములు అన్నియు తెరమీదనే తెరచుకొనుచున్నవి. 2018లో స్థాపింపబడిన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు స్థలము ఈ మండలములోని జంతలూరు వద్దనే ఏర్పడినది. చదువు ఊరి పొలిమేరకు వచ్చినప్పుడు దానికి కావలసిన పనిముట్టు ఇంటిలో ఉండవలెనని తల్లిదండ్రులు కోరుట సహజము. ఒక మంచి ఏట వేరుశనగ మిగిల్చిన డబ్బుతో వారు యంత్రము కొందురు. అటువంటి ఏడు మరల ఎప్పుడు వచ్చునో చెప్పలేరు. ఆ యంత్రము మూడవ వేసవిలో ఆగిపోయినచో నష్టము దాని వెలతో ముగియదు. చదువుచున్న పిల్ల ఒక సంవత్సరము పోగొట్టుకొనును. కనుక ఇక్కడ యంత్రమును ఎన్నుకొనుట అభిరుచికి సంబంధించిన విషయము కాదు, కుటుంబపు లెక్కకు సంబంధించిన విషయము.

చప్పుడు ఎక్కడనుండి వచ్చును?

కంప్యూటరు చేయు అసలు పనిలో చప్పుడు లేదు. ప్రాసెసరులో కోట్లకొలది ట్రాన్సిస్టరులు తెరచుకొనుచు మూసుకొనుచు ఉండును. ఆ పని చెవికి వినిపించదు. వినిపించునది దాని పర్యవసానము. ప్రతి ట్రాన్సిస్టరు తెరచి మూసిన ప్రతిసారి కొంత విద్యుత్తు ఉష్ణముగా మారును. ఈ ఉష్ణము ప్రాసెసరు పనిచేయు జోరును బట్టియు, దానికి అందించు వోల్టేజియొక్క వర్గమును బట్టియు పెరుగును. అనగా వోల్టేజిని సగము చేసినచో అదే జోరులో ఉష్ణము నాలుగవ వంతునకు దిగును. గడచిన కాలములో కంప్యూటరులు చల్లబడుటకు మూలము ఈ సూత్రమే. 1946లో అమెరికాలో లోకమునకు చూపిన ఎనియాక్ యంత్రములో సుమారు 18,000 వాల్వులు ఉండెడివి. అది 150 కిలోవాట్లు తీసుకొనెడిది. 2012లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై అను అరచేతి కంప్యూటరు అంతకంటె ఎన్నో రెట్లు లెక్కలు చేయుచు కొద్ది వాట్లతో సరిపెట్టుకొనినది.

ఉష్ణము పుట్టినప్పుడు దానిని బయటికి పంపవలెను. అందుకు ఫ్యాను పెట్టిరి. ఫ్యాను తిరుగుట ఒక చప్పుడు. గాలి అల్యూమినియము రెక్కల నడుమ దూరుట మరియొక చప్పుడు. నిమిషమునకు 5,400 లేక 7,200 చుట్లు తిరుగు హార్డు డిస్కు మూడవది. ఫ్యాను చప్పుడు దాని వేగముతో అతి త్వరగా పెరుగును. ఇంజనీరుల స్థూలమైన లెక్కలో వేగము రెట్టింపైనచో చప్పుడు సుమారు 15 డెసిబెల్లు హెచ్చును. పది డెసిబెల్లు హెచ్చినచో చెవికి రెట్టింపు చప్పుడుగా తోచును. కనుక పెద్ద ఫ్యాను మెల్లగా తిరుగుట చిన్న ఫ్యాను గిరగిర తిరుగుటకంటె ఎంతో మేలు. చవకగా చేసిన పెట్టెలలో మాత్రము చిన్న ఫ్యానునే వేగముగా తిప్పుదురు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. పైన సీలింగు ఫ్యాను తిరుగుచుండగా, వీధిలో ట్రాక్టరు పోవుచుండగా, కంప్యూటరు చప్పుడు ఎవరి చెవిని పడును? నిశ్శబ్దము చల్లని దేశముల ధనికుల కోరిక కాదా? పైకి ఈ ఆక్షేపణ సమంజసముగానే కనిపించును. రాత్రి అందరు ఒకే గదిలో పడుకొను ఇంటిలో చదువుకొను పిల్ల ప్రక్కన బుస్సుమను యంత్రము ముసలివారికి నిద్ర లేకుండ చేయును. అది ఒక సమాధానము. అంతకంటె ముఖ్యమైన సమాధానము వేరొకటి ఉన్నది. వైద్యుడు రోగి రొమ్ముపై చెవి పెట్టినట్లు యంత్రపు చప్పుడును వినవలెను. అది ఉష్ణముగా వృథా అగుచున్న కరెంటును గురించి చెప్పును. లోపలికి పోవుచున్న దుమ్మును గురించి చెప్పును. అరిగిపోవుచున్న భాగమును గురించి చెప్పును. చప్పుడు లేని యంత్రమును కోరుట అనగా తక్కువ వృథా, తక్కువ దుమ్ము, తక్కువ అరుగుదల కోరుట.

దుమ్ము చేయు పని

ఫ్యాను గాలిని లోపలికి లాగును. బుక్కరాయసముద్రములో ఆ గాలితో ఎర్రదుమ్ము కూడ పోవును. అది రెక్కల సందులలో కంబళివలె పేరుకొనును. దుమ్ము ఉష్ణమును బయటికి పోనీయదు. ప్రాసెసరు మరింత వేడెక్కును. ఫ్యాను మరింత వేగముగా తిరుగును. మరింత దుమ్మును లాగును. ఈ చక్రము ఒకసారి మొదలైనచో తనంతట తాను ఆగదు. కొన్న కొత్తలో మెల్లగా ఉన్న యంత్రము రెండవ ఏట గీపెట్టుటకు కారణము ఇదియే. చివరకు ఫ్యాను ఇరుసులోని నూనె ఎండి, ఇరుసు పట్టుకొనిపోవును. యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును, లేనిచో ఆగిపోవును. “కంప్యూటరు పాతబడినది, స్లో అయినది” అని యజమాని అనుకొనును. నిజమునకు అనేక సందర్భములలో అది పాతబడలేదు, దానికి ఊపిరి ఆడలేదు. మరమ్మతు అంగడిలో బ్లోయరు పట్టి దుమ్ము ఊదించి, ప్రాసెసరుపై ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పూసినచో మరల కొత్తదానివలె పనిచేయును. ఈ చిన్న పనికి పెట్టెను సులభముగా విప్పగలుగుట అవసరము. మూత జిగురుతో అతికించిన యంత్రము ఇక్కడనే మొదటి మార్కు పోగొట్టుకొనును.

ఫ్యాను తీసివేసినంత మాత్రమున

అట్లైన ఫ్యాను లేని యంత్రమును కొనిన చాలును గదా? చరిత్ర ఈ తొందరపాటును హెచ్చరించుచున్నది. ఆపిల్ సంస్థ 1977లో తెచ్చిన ఆపిల్ 2 కు ఫ్యాను లేదు. అది చక్కగా పనిచేసినది. ఆ విజయము చూచి 1980లో ఆపిల్ 3 ను కూడ ఫ్యాను లేకుండగనే చేసిరి. దానిలో సరుకు హెచ్చు, స్థలము ఇరుకు. సాకెట్లలో చిప్పులు వదులైనవి, యంత్రములు ఆగిపోయినవి. మొదట అమ్మిన వాటిని వేలకొలదిగా మార్చి ఇవ్వవలసి వచ్చినది. 1984 నాటికి దాని కథ ముగిసినది. వేడిమి ఎంతవరకు కారణము, బోర్డు కూర్పులోని లోపములు ఎంతవరకు కారణము అను విషయమై వాదములు ఉన్నవి. అయితే ఒక పాఠము స్పష్టము. ఉష్ణమును తగ్గింపక ఫ్యానును మాత్రము తీసివేయుట, పొగ ఆపక పొగగొట్టమును మూసివేయుట వంటిది.

ఎండ దేశమునకు దీనిలో మరియొక చిక్కు ఉన్నది. ఫ్యాను లేని యంత్రపు వేడి ఎల్లప్పుడు గది వేడిపైన లెక్కింపవలెను. ఒక పెట్టె లోహపు గోడల ద్వారా ఉష్ణము వదలుచు, ప్రతి వాటుకు గది ఉష్ణోగ్రతకంటె 3 డిగ్రీలు పెరుగుననుకొందము. పది వాట్ల పనిలో 30 డిగ్రీలు పెరుగును. లండనులో 20 డిగ్రీల గదిలో లోపల 50 డిగ్రీలు, అది క్షేమము. రేకుల కప్పుతో మే నెలలో 42 డిగ్రీలు ఉన్న గదిలో లోపల 72 డిగ్రీలు. రాస్ప్‌బెర్రీ పై ప్రాసెసరు 80 డిగ్రీలు చేరగనే వేగము తగ్గించుకొనుట మొదలుపెట్టును. అనగా చల్లని దేశమువారు పరీక్షించి “బాగున్నది” అన్న యంత్రమునకు ఇక్కడ మిగులు ఎనిమిది డిగ్రీలు మాత్రమే. ఫ్యాను లేని యంత్రమును ఎన్నుకొనువారు మొదట చూడవలసినది అది తీసుకొను వాట్లను. రెండవది ఉష్ణము వదలు లోహపు తొడుగు పెద్దదిగా ఉన్నదా అను విషయమును. ప్లాస్టిక్కు పెట్టెలో ఇరికించిన చిన్న బోర్డు, అది ఎంత నిశ్శబ్దముగా ఉన్నను, ఈ ఊరికి తగదు.

ఆయువు లెక్క

యంత్రపు ఆయువును నిర్ణయించు భాగములలో కంటికి ఆనని చిన్న డబ్బాలు కెపాసిటరులు. వాటిలో ఎలక్ట్రోలిటిక్ రకమునకు లోపల తడి ఉండును. వేడికి అది క్రమముగా ఆరిపోవును. వేడి పది డిగ్రీలు తగ్గినచో ఆయువు రెట్టింపగునని వాడుక సూత్రము. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు నిలుచునని ముద్ర ఉన్న కెపాసిటరు 75 డిగ్రీల వద్ద 16,000 గంటలు, 65 డిగ్రీల వద్ద 32,000 గంటలు నిలుచును. దినమునకు ఎనిమిది గంటల వాడుక అయినచో మొదటిది సుమారు అయిదున్నర సంవత్సరములు, రెండవది సుమారు పదకొండు సంవత్సరములు. పది డిగ్రీల తేడా ఒక పిల్ల హైస్కూలు చదువంత కాలము తెచ్చి ఇచ్చుచున్నది. యంత్రమును కిటికీ ఎండలో పెట్టక గోడకు జానెడు ఎడముగా నీడలో పెట్టుటవలన ఈ లాభములో కొంత ఖర్చు లేకుండగనే వచ్చును.

రెండవ భాగము నిల్వ సాధనము. తిరుగు హార్డు డిస్కును మాని ఎస్.ఎస్.డి. పెట్టుకొనుట పాత యంత్రమునకు చేయగల మేళ్ళలో మొదటిది. అందులో కదలు భాగము లేదు, చప్పుడు లేదు. దానిపై వ్రాయుటకు ఒక హద్దు ఉన్నమాట నిజము. 80 టెరాబైట్ల వరకు వ్రాయవచ్చునని హామీ ఉన్న చిన్న ఎస్.ఎస్.డి.పై దినమునకు 10 గిగాబైట్లు వ్రాసినను లెక్క ప్రకారము ఇరువది యేండ్లు దాటును. మెమరీ కార్డు సంగతి వేరు. అది కెమెరాకొరకు పుట్టినది. దినమంతయు వ్రాతలు సాగు కంప్యూటరుకొరకు కాదు. వ్రాయుచుండగా కరెంటు పోయినచో దానిలోని ఫైళ్ళు పాడగు అపాయము హెచ్చు.

కరెంటు ప్రసక్తి వచ్చినది గనుక దానిని కూడ లెక్కలోనికి తీసుకొనవలెను. తెరను విడిచి 80 వాట్లు తీసుకొను పాత టవరు పెట్టె దినమునకు ఆరు గంటలు పనిచేసినచో సంవత్సరమునకు సుమారు 175 యూనిట్లు తీసుకొనును. పది వాట్ల చిన్న పెట్టె 22 యూనిట్లు తీసుకొనును. బిల్లులోని తేడాకంటె కరెంటు పోయినప్పటి తేడా పెద్దది. ఇంటి ఇన్వర్టరుకు ఉన్న 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీనుండి నష్టములు పోగా 900 వాట్-అవర్లు దక్కుననుకొందము. ఇరువది వాట్ల తెరతో కలిపి మొదటి యంత్రము తొమ్మిది గంటలు, రెండవది ముప్పది గంటలు నడచును. పరీక్షల నెలలో ఈ తేడా విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఎర్తింగును మరువరాదు. నేల ఎండినకొలది విద్యుత్తును తనలోనికి తీసుకొను శక్తి తగ్గును. అందువలననే గుంతలో బొగ్గు, ఉప్పు వేసి ఎర్తు పైపు దింపుదురు. ఈ ప్రాంతములో వేసవి నెలలలో ఆ గుంతలో అప్పుడప్పుడు బిందెడు నీళ్ళు పోయుట కంప్యూటరుకు చేయు సేవలలో ఒకటి. లోహపు పెట్టెను తాకినప్పుడు వ్రేళ్ళు జివ్వుమనినచో ఎర్తు సరిగా లేదని గ్రహించి ఎలక్ట్రీషియనును పిలువవలెను.

గతములోని మూడు ప్రయత్నములు

పల్లెకు తగిన కంప్యూటరును చేయవలెనను ఆలోచన కొత్తది కాదు. బుక్కరాయసముద్రమునకు సుమారు 200 కిలోమీటర్ల దూరములోనే, బెంగుళూరులో, భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు విజయ్ చంద్రు, స్వామి మనోహర్ మొదలగువారు ఎన్‌కోర్ సంస్థవారితో కలిసి సింప్యూటరు అను చేతియంత్రమును రూపొందించి 2001లో ప్రకటించిరి. చిన్న బ్యాటరీలతో నడచునది. ఫ్యాను లేదు, డిస్కు లేదు. భారతీయ భాషలలో వ్రాత చదివి వినిపించునది. స్మార్టు కార్డు పెట్టి ఊరిలో పదిమంది ఒకే యంత్రమును వాడుకొనవచ్చును. యంత్రముగా దానిపై వేలు పెట్టి చూపదగిన తప్పు తక్కువ. 2004లో అంగడికి వచ్చినది. కాని అమ్ముడుపోయినవి కొన్ని వేలు మాత్రమే. అప్పటికి సెల్ ఫోను ఊళ్ళలోనికి దిగుచున్నది. దానికి ప్రతి పట్టణములో అమ్మువారు, బాగుచేయువారు పుట్టిరి, సింప్యూటరుకు పుట్టలేదు. మంచి ఆలోచన మరమ్మతు అంగడి లేక ఎండిపోయినది.

రెండవది అమెరికాలో పుట్టిన ‘ఒక పిల్లవానికి ఒక ల్యాప్‌టాప్’ ఉద్యమపు ఎక్స్.ఓ. యంత్రము. 2007లో తయారీ మొదలైనది. వేడికి, దుమ్ముకు తట్టుకొనునట్లు దీనివలె ఆలోచించి చేసిన యంత్రము అరుదు. ఫ్యాను లేదు, తిరుగు డిస్కు లేదు, కీబోర్డు దుమ్ము దూరని రబ్బరుతో మూసినది, ఎండలో కూడ తెర చదువవచ్చును, విడి మరలు చేతిపిడిలోనే దాచి ఉండెడివి. నూరు డాలర్లకు ఇత్తుమన్నది సుమారు 188 డాలర్లయినది. మహారాష్ట్రలోని ఖైరాట్ పాఠశాలలో 2007లోనే ప్రయోగించి చూచిరి. పెరూ దేశములో 319 పాఠశాలలను పరిశీలించి 2012లో ప్రకటించిన అధ్యయనములో లెక్కలలోగాని భాషలోగాని పిల్లల మార్కులు పెరిగిన జాడ కనబడలేదు. దృఢమైన యంత్రము మంచి పనిముట్టు మాత్రమే. ఉపాధ్యాయుని పని అది చేయదని దీనివలన తేలినది.

మూడవది 2011 అక్టోబరు 5న ఢిల్లీలో విడుదలైన ఆకాశ్ పలక. ప్రభుత్వమునకు సుమారు 2,300 రూపాయలకు అందినది. దీనికిని ఫ్యాను లేదు. కాని 366 మెగాహెర్ట్జుల ప్రాసెసరు, 256 మెగాబైట్ల ర్యామ్, గట్టిగా నొక్కవలసిన తెర, సుమారు మూడు గంటల బ్యాటరీ! వెల ఒక్కటే లక్ష్యముగా పెట్టుకొని తక్కిన గుణములను దానికి బలి యిచ్చిన యంత్రము ఇట్లుండును. మరుసటి సంవత్సరమే ఆకాశ్ 2 లో వీటిలో అనేకము మార్చవలసి వచ్చినది. చవకగా కొని రెండేండ్లకు పారవేయుటకంటె కొంచెము హెచ్చు పెట్టి పదేండ్లు వాడుకొనుట చవక అను లెక్క సామాన్య గృహస్థుకు తెలిసినదే. ఆకాశ్ దానిని మరచినది.

నేటి అంగడి

ఈ పాఠములతో నేడు దొరకు యంత్రములను చూడవలెను.

ల్యాప్‌టాపులో బ్యాటరీ ఉండుట గొప్ప సౌకర్యము. కరెంటు పోయినను పని ఆగదు. కాని బ్యాటరీకి వేడియే శత్రువు. 40 డిగ్రీల గదిలో ఎప్పుడును ప్లగ్గు పెట్టియుంచినచో అది త్వరగా క్షీణించును, ఒక్కొక్కప్పుడు ఉబ్బును. పలుచని ల్యాప్‌టాపుల ఫ్యాను చిన్నది. దుమ్ముకు మొదట లొంగునది అదియే. ఆపిల్ 2020లో తెచ్చిన ఎం 1 మ్యాక్‌బుక్ ఎయిర్‌కు ఫ్యాను లేదు. తక్కువ ఉష్ణముతో ఎక్కువ పని చేయుటలో అది మెచ్చదగిన యంత్రము. కాని దాని ర్యామును, నిల్వను బోర్డుకే అతికించిరి. ఒకటి చెడినచో బోర్డంతయు మార్చవలెను. నిశ్శబ్దము ఉన్నది, మరమ్మతు లేదు.

రాస్ప్‌బెర్రీ పై 400 (2020) కీబోర్డులోనే కంప్యూటరును ఇమిడ్చినది. లోపల కీబోర్డంత వెడల్పున్న లోహపు పలక ఉష్ణమును పంచును, ఫ్యాను లేదు, తెరగా ఇంటి టీవీ చాలును. చదువు, వ్రాత, ప్రోగ్రాములు నేర్చుకొనుట, దరఖాస్తులు నింపుట దీనికి కష్టము కాదు. దీని లోపము మెమరీ కార్డు. బయటినుండి యు.ఎస్.బి. ద్వారా ఎస్.ఎస్.డి. తగిలించి దానినుండియే నడుపుకొన్నచో ఆ లోపము చాలవరకు తీరును. 2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5 వేగములో హెచ్చు. వేడిలో కూడ హెచ్చు. గట్టిగా పనిచేయించుటకు దానికి ఫ్యాను పెట్టుకొనుడని తయారుచేసినవారే సలహా ఇచ్చుచున్నారు. సరళమైన వస్తువు వేగము వెంట పరుగెత్తి తన సరళతను ఎట్లు పోగొట్టుకొనునో దీనిలో చూడవచ్చును.

కార్యాలయములు వాడి వదలిన చిన్న పెట్టెలు మరియొక తెగ. డెల్, హెచ్.పి., లెనోవో సంస్థలవి, పుస్తకమంత పరిమాణములో, సెకండ్‌హ్యాండుగా బెంగుళూరు, హైదరాబాదు అంగళ్ళలో దొరకును. ఖాళీగా ఉన్నప్పుడు పది వాట్ల ప్రాంతములో తీసుకొనును. ఫ్యాను ఒకటి ఉన్నది. తేలిక పనిలో మెల్లగా తిరుగును. మూత ఒకటి రెండు మరలతో ఊడివచ్చును. ర్యామ్, ఎస్.ఎస్.డి., ఫ్యాను, గడియారమునకైన చిన్న బిళ్ళ బ్యాటరీ, బయటి అడాప్టరు అన్నియు విడివిడిగా దొరకును, విడివిడిగా మార్చవచ్చును. ఏడాదికి రెండుసార్లు, పడమటి గాలికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి దుమ్ము దులిపినచో చాలును.

2023లో వచ్చిన ఇంటెల్ ఎన్ 100 వంటి ఆరు వాట్ల తరగతి ప్రాసెసరుతో, రెక్కలు తీర్చిన లోహపు తొడుగుతో, ఫ్యాను లేకుండ వచ్చు కొత్త పెట్టెలు ఇంకొక తెగ. వేడిలోను దుమ్ములోను వీటి నిర్మాణము ఈ ప్రాంతమునకు సరిపోవును. అయితే పేరు లేని తయారీదారులు అనేకులు ఉన్నారు. ర్యామ్ అతికించినదా, విడదీయదగినదా అని మూత తెరిపించి చూచిన తరువాతనే డబ్బు చెల్లింపవలెను.

కంటికి కనబడని ముసలితనము

లోహము చెడకుండగనే యంత్రము చచ్చు మార్గము ఒకటి ఉన్నది. 2025 అక్టోబరు 14న విండోస్ 10 కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 అడుగు భద్రతా చిప్పు, ప్రాసెసరు తరము లేని యంత్రములు, అవి ఎంత చక్కగా పనిచేయుచున్నను, ఆ గడప దాటలేవు. 2017కు ముందటి ఇంటెల్ ప్రాసెసరులలో చాలవరకు ఈ గతి పట్టినవే. సెకండ్‌హ్యాండు పెట్టె చవకగా వచ్చుటకు ఇదియును ఒక కారణము. కొనువారు దీనిని తెలిసి కొనవలెను. లినక్స్ కుటుంబములోని డెబియన్, లినక్స్ మింట్ వంటివి ఇట్టి యంత్రములపై ఉచితముగా నడచును. లినక్స్ మింట్ 22 కు 2029 ఏప్రిలు వరకు మద్దతు ఉన్నది. తెలుగు అక్షరములు వాటిలో చక్కగా కనబడును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు ఆ వ్యవస్థను తెలుగులోనికి తెచ్చుటకు శ్రమించిరి. కాని ఊరిలోని మరమ్మతు అంగడివానికి లినక్స్ పరిచయము తక్కువ అనునది నిజము. సింప్యూటరును ముంచిన లోపమే ఇక్కడ మరల పొంచియున్నది. మండలమునకు ఒక ఉపాధ్యాయుడో, ఒక విద్యార్థియో దానిని నేర్చి పదిమందికి చూపినచో ఆ లోపము తీరును. యంత్రపు కంపెనీ తీర్చునది కాదు.

తీర్పు

అన్నియు త్రాసులో పెట్టి చూచినచో బుక్కరాయసముద్రపు ఇంటికి మొదటి స్థానము మూత ఊడదీయదగిన, ఎస్.ఎస్.డి. ఉన్న, బయటి అడాప్టరుతో నడచు చిన్న పెట్టెకు ఇవ్వవలెను. కొత్తది కొనగలవారు ఫ్యాను లేని ఆరు వాట్ల తరగతిని, తక్కువలో సరిపెట్టుకొనువారు కార్యాలయములు వదలిన పెట్టెను ఎన్నుకొనవచ్చును. పిల్లల చదువే ముఖ్యమైన ఇంటికి, టీవీ ఉన్నచో, ఎస్.ఎస్.డి. తగిలించిన రాస్ప్‌బెర్రీ పై 400 చాలును. సినిమా కూర్పు, పెద్ద బొమ్మలు గీయుట వంటి బరువు పనులకు ఇవి చాలవు. ఆ పనిచేయువారు ఫ్యానును, దుమ్మును, బిల్లును భరింపక తప్పదు. వేగపు అంకెను మాత్రమే చూపి పెద్ద టవరును అంటగట్టు అంగడివాని మాటను చదువుకొను పిల్ల ఉన్న ఇల్లు వినవలసిన పని లేదు.

నిశ్శబ్దమునకు, మరమ్మతుకు నడుమ ఒకటే ఎన్నుకొనవలసి వచ్చినచో మరమ్మతునే ఎన్నుకొనవలెను. మెల్లగా తిరుగు ఒక ఫ్యానును కొద్ది డబ్బుతో మార్చవచ్చును; అతికించిన బోర్డును మార్చలేరు. రాయలసీమలో పూర్వము చెరువు కట్టి, దాని మరమ్మతు భారము వహించినవారికి దశబంధ ఇనాముగా భూమి ఇచ్చు ఆచారము ఉండెడిది. కట్టించుటతో పని ముగియదని, ఏటేటా పూడిక తీసి, గండి పూడ్చి, తూము సరిచూచు చేయి ఒకటి ఉండవలెనని ఆ ఏర్పాటు చేసినవారు ఎరుగుదురు. బుక్కరాయల నాటి చెరువు ఆరు శతాబ్దములు దాటి నిలుచుటకు మొదటి కట్ట గట్టిదనము ఒక్కటే చాలియుండదు. ఇంటి కంప్యూటరును పదేండ్లు నిలుపుకొనుటకు కావలసినదియు అట్టి చేయియే. కొనుటకు ముందు దాని మూతను విప్పించి చూచుట ఆ పనికి నాంది.